ఉమ్మడి రాశిలో ఒకని పాలు

“నా బాకీదారు వడ్లమిల్లులో నాలుగవ పాలు గలవాడు, డిక్రీ నా చేత నున్నది, అమీనును పంపి బస్తాలలో నాలుగవ వంతును జప్తు చేయింపరాదా?” యని నన్ను పలువురు పలుమారు లడిగియున్నారు. వ్యాపారములో తల నెరసినవారును ఇట్లే తలంచుట చూచి నాకు విసుగు కలుగుచున్నది; ఏలయన ఈ భ్రాంతివలన అప్పిచ్చినవాడు కోర్టుఖర్చులు పోగొట్టుకొనుటయే కాక, ఏ పాపము నెఱుగని తక్కిన భాగస్థులును చిక్కులపా లగుదురు.

కళ్ళమును తలచుకొనుడు. నలుగురు కలిసి సేద్యము చేసిరి. నూర్చిన పంట ఒక్క రాశిగా పడియున్నది. అందులో ఏ గింజ యెవనిది? తూర్పారబట్టగా తాలు పోవలెను. కూలివారికి కూలి కొలువవలెను. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి మేర లీయవలెను. విత్తనపు టప్పు తీరవలెను. అటుపిమ్మట మిగిలినదానిని నాలుగు పాళ్ళు చేసినప్పుడు గదా నాలుగవవాని పాలు పుట్టుట! లెక్కలు తేల్చుటయే తూర్పారబట్టుట. మేరలకై కళ్ళములో నిలిచినవారు సంస్థకు అప్పిచ్చినవారు. ధాన్యపుబండి ఇల్లు చేరుదాక వాకిట వేచియుండవలసినవాడు భాగస్థుని సొంత ఋణదాత. 1932 నాటి భాగస్వామ్య చట్టము 49వ సెక్షనులో ఈ వరుసనే విధించినది: సంస్థ ఆస్తి మొదట సంస్థ అప్పులకు, మిగులులో అతని వాటా అతని సొంత అప్పులకు, అతని సొంత ఆస్తి మొదట సొంత అప్పులకు, మిగిలినది సంస్థ అప్పులకు.

ఆ కళ్ళములోనే మొదటి కుంచమును ఒకటి యనక “లాభము” అనియు, ఏడవదానిని “ఆరున్నొకటి” అనియు లెక్కించు ఆచారము కలదు. నోటితో లాభ మనినంతమాత్రమున లాభము రాదు. ఏడు అనినంతమాత్రమున ఏడ్పును రాదు. ఖాతా మొదటి పుటపై లాభమని పసుపుకుంకుమలతో వ్రాసి, ఏడాది చివర లెక్కలు ముగింపని వర్తకులు ఈ నమ్మకమునకు చెల్లించు మూల్యము పెద్దది.

బియ్యపు మరయు, వేరుసెనగకాయ లొలుచు యంత్రమును నడపుకొను భాగస్వామ్యమును గూర్చి ఆంధ్రదేశమునుండి వెళ్ళిన వ్యాజ్యములో, సంస్థకు స్థిరాస్తి యున్నను భాగస్థుని వాటా మాత్రము చరాస్తియే యని 1966లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. అతనిది గోడలలో పాలు కాదు, తేలిన మిగులులో పాలు.

ఇంగ్లండులో పూర్వము ఒక్క భాగస్థుని అప్పుకై షెరీఫు అంగడిలోనికి వచ్చి సరకంతయు పట్టుకొని వ్యాపారమునే స్తంభింపజేసెడివాడు; ఆ దురవస్థను లిండ్లే న్యాయమూర్తి 1895 నాటి తీర్పులో వర్ణించెను. 1890 నాటి ఇంగ్లీషు భాగస్వామ్య చట్టము దానిని మాన్పినది. మన సివిల్ ప్రొసీజరు కోడులో ఆర్డరు 21, రూలు 49 ఆ మార్గమునే అనుసరించినది. సంస్థ మీదగాని, భాగస్థులు భాగస్థులుగా వారి మీదగాని పుట్టిన డిక్రీకి తప్ప సంస్థ ఆస్తిని జప్తు చేయరాదు. కాని డిక్రీదారు వట్టిచేతులతో పోనక్కరలేదు: బాకీదారు వాటాపై ఛార్జి, అనగా అప్పుకు హామీగా పట్టు, విధింపుమనియు, అతనికి వచ్చు లాభములను వసూలుచేయుటకు రిసీవరును నియమింపుమనియు, లెక్కలు చూపింపుమనియు, కడకు వాటాను అమ్మింపుమనియు కోర్టును వేడవచ్చును. తక్కిన భాగస్థులు ఎప్పుడైనను సొమ్ము చెల్లించి ఆ వాటాను విడిపించుకొనవచ్చును, అమ్మకమైనచో తామే కొనవచ్చును. ఛార్జి పడనిచ్చినవానితో పొత్తు సాగింపజాలమని తలచినచో భాగస్వామ్య చట్టము 44వ సెక్షను క్రింద సంస్థను రద్దు చేయుమని దావా వేయవచ్చును.

పెట్టుబడి మేరకే బాధ్యత వహించి పెత్తనమునకు దూరముగా నుండు పరిమిత భాగస్థుని విషయములో 1907 నాటి ఇంగ్లీషు చట్టము వేఱు దారి త్రొక్కినది: అతని వాటాపై ఛార్జి పడినదను కారణముచే తక్కినవారు సంస్థను రద్దు చేయరాదు. అతడు పెట్టినది ధనమేగాని దక్షత కాదు గదా! మన దేశములో 2008 నాటి పరిమిత బాధ్యతా భాగస్వామ్య చట్టము వేఱు రూపము గలదే యైనను, వాటా చేతులు మాఱినంతనే సంస్థ రద్దు కాదనియు, పుచ్చుకొన్నవానికి యాజమాన్యములో పాల్గొను హక్కుగాని, సంస్థ వ్యవహారముల వివరములు పొందు హక్కుగాని అంతమాత్రమున రాదనియు 42వ సెక్షనులో స్పష్టముగా చెప్పినది.