పచ్చిక క్రింది తోట

శంషాబాదులో విమానము దిగిన అతిథి గోల్ఫు ఆడగోరినచో గోలకొండకు పోవచ్చును. 1656లో మొగలు సేనలు దండెత్తిన పిమ్మట అబ్దుల్లా కుతుబ్ షా కోటను పెంచి, నయాఖిలాను దానిలో చేర్చెను. ఆ ప్రాకారముల నడుమనే నేడు 18 గుంటల గోల్ఫు మైదానము కలదు.

మిత్రునొకని అతిథిగా నేనచట ఆడితిని. బంతిని కొట్టుటకు కఱ్ఱ యెత్తగానే చూపు గుంటను విడిచి బురుజులపైకి పోవును. ఒకచోట ముల్లా ఖయాలీ మసీదు; మరియొకచోట ‘హతియాన్ కా ఝాడ్’ అని పేరొందిన మహావృక్షము. అది ఆఫ్రికా జాతి చెట్టు. దాని బోలు కడుపులో మనుష్యులు దాగవచ్చును.

ఆట మనోహరమే, సందేహము లేదు. అయినను ఈ పచ్చిక క్రింద కుతుబ్‌షాహీల ఉద్యానము కలదు. 2014లో పురావస్తు శాఖవారు నయాఖిలాలో త్రవ్వగా నీటి కాలువలు, తొట్లు, నడకదారులు బయల్పడినవి. మైదానమునకై నేలను చదును చేసినచో అడుగుననున్న ఇట్టి ఆనవాళ్లు చెదరిపోవును. ఆటకు వేరొక చోటు దొరకును. గచ్చిబౌలి బండల నడుమ నొక మైదానము వెలసియే యున్నది. ఈ తోటకు మాత్రము వేరొక చోటు లేదు.

విద్యార్థులను అచటికి కొనిపోవు ఉపాధ్యాయులు చెట్టును, మసీదును చూపిన పిదప, కాలి క్రింది తోటను గూర్చియు ఒక్కమాట చెప్పుదురు గాక!