డిమెన్షియా సంరక్షణలో జీపీఎస్ గడియారం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో మిర్చి కోతల కాలంలో ఇంట్లోవారంతా చేలల్లో, కల్లాల్లో ఉంటారు. డిమెన్షియా ఉన్న పెద్దవారు ఒంటరిగా ఇల్లు దాటితే మీకు తెలిసేదెలా? జీపీఎస్ గడియారం ఇక్కడ ఉపయోగపడుతుంది.

ఇది పనిచేసే తీరును గమనించండి. ఉపగ్రహ సంకేతాలతో గడియారం తానున్న చోటును లెక్కిస్తుంది. అందులోని సిమ్ ఆ సమాచారాన్ని మీ ఫోనుకు పంపుతుంది. కనుక మొబైల్ సిగ్నల్ లేని చోట అది మూగదే. ఇంటి చుట్టూ మీరు నిర్ణయించిన ఊహా హద్దును, అంటే జియోఫెన్స్‌ను, దాటితే హెచ్చరిక వస్తుంది. ఇంటి లోపల జీపీఎస్ లెక్క తప్పవచ్చు. హద్దు మరీ దగ్గరగా ఉంటే మనిషి మంచం మీదే ఉన్నా ఫోను మోగుతుంది. ఊరికే పదిసార్లు మోగిన ఫోనును పదకొండోసారి ఎవరూ పట్టించుకోరు. అలాగని మరీ దూరం పెట్టకూడదు. ఊరి పక్కన నాగార్జునసాగర్ కుడి కాలువ పారుతుంటే, హద్దు దానికి బాగా ఇవతలే ఉండాలి.

హెచ్చరిక ఎవరికి అందాలన్నది యంత్రం కన్నా ముఖ్యం. దూరాన చేలో ఉన్న కోడలి కంటే వీధి చివర కిరాణా కొట్టాయన ముందు చేరగలరు. ఆయన్ను అడిగి, ఆయన నంబరునూ చేర్చండి. గడియారం సంగతి పెద్దవారికి అర్థమయ్యే దశలోనే చెప్పి ఒప్పించండి. బలవంతంగా కట్టినదాన్ని వారు తీసి పారేస్తారు. చార్జింగు మాత్రం మీరు దగ్గరుండి అన్నం పెట్టే వేళ చేయండి.