పటంలో మన పార్కు

పిల్లలకు సెలవులిచ్చారు, సాయంత్రం కాసేపు ఎక్కడైనా ఆడించుకు రావాలి. "దగ్గర్లో పార్కేదైనా ఉందాండీ?" అని అడిగితే, అదే కాలనీలో పదేళ్లుగా ఉంటున్నవారు కూడా ఒక్కోసారి తెల్లమొహం వేస్తారు. తీరా చూస్తే రెండు వీధులవతలే ఉంటుంది! ఆ సంగతి అందరికీ తెలియజెప్పడానికి పనికొచ్చేదే జి.ఐ.యస్. తెలుగులో భౌగోళిక సమాచార వ్యవస్థ అంటారు. పేరు చూసి బెదిరిపోకండి.

ఎంబ్రాయిడరీ చేసేవారికి ట్రేసింగు కాగితం కొత్త కాదు కదా. అలాంటి పలుచని కాగితాల మీద విడివిడిగా వీధులు, ఇళ్లు, పార్కులు, కాలువలు గీసి, మూలలు కలిసేలా ఒకదానిపై ఒకటి పరిచారనుకోండి. ఏ ఇంటికి ఏ పార్కు దగ్గరో ఇట్టే కనిపిస్తుంది. కంప్యూటరు చేసేదీ ఇదే. పైగా ప్రతి గీత వెనకా ఒక చిట్టా ఉంటుంది: విస్తీర్ణమెంత, గేటు ఎటు, ఎప్పుడు తెరుస్తారు అని. 1960ల్లో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ గారు దేశంలోని భూముల వివరాల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇవాళ ఫోనులోకే వచ్చేసింది.

దగ్గర అన్న మాట దగ్గరే అసలు చిక్కు. టాంక్‌బండ్ మీద నిలబడితే సంజీవయ్య పార్కులోని 291 అడుగుల జెండాస్తంభం నీళ్ల అవతల కనిపిస్తుంది. పక్షికైతే దగ్గరే! చంటిబిడ్డను చంకనేసుకున్న తల్లి మాత్రం సాగర్ చుట్టూ తిరిగి వెళ్లాలి. అందుకే దూరాన్ని నడిచే దారి వెంట కొలవాలి. అమెరికాలో ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్ అనే సంస్థ 14,000కు పైగా ఊళ్లకు ఇలాగే లెక్కగట్టింది. ఇంటినుంచి పది నిమిషాల నడకలో, అంటే అరమైలులో, పార్కు ఎందరికి ఉంది, ఎందరికి లేదు అని. ఎవరైనా తమ ఊరిపేరు కొట్టి చూసుకోవచ్చు. కారు నడపడం రాకుండా అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మలకూ ఇది పనికొచ్చే ముక్క.

మన ఆడవాళ్లకు కావలసిన వివరాలు వేరే ఉంటాయి. చీకటిపడితే దీపాలు వెలుగుతాయా? మంచినీళ్లున్నాయా? మోకాళ్ల నొప్పుల అత్తగారు మెట్లెక్కకుండా లోపలికి వెళ్లగలరా? ఎకరాల లెక్కకంటే, మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటుందో లేదో చెప్పే పటమే నాకు మేలనిపిస్తుంది. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇలాంటివి ఎవరైనా చేర్చవచ్చు, మీరూ నేనూ కూడా.

ఇంకొకటి. లేఅవుట్ వేసేటప్పుడు ఖాళీ జాగా వదిలి, దానపత్రం రాసి పురపాలక సంఘానికో పంచాయతీకో అప్పగించాలి. కాగితంలో పార్కు, వెళ్లి చూస్తే ఎవరిదో ప్రహరీ! హైదరాబాదులో 2024లో ఏర్పడిన హైడ్రా ఇలాంటి పార్కు స్థలాలను విడిపించిన వార్తలు చదివే ఉంటారు. మంజూరైన ప్లానును ఉపగ్రహం తీసిన బొమ్మ మీద పరిచి అందరికీ కనబడేలా పెడితే, మొదటి ఇటుక పడ్డనాడే ఎవరో ఒకరు అడుగుతారు. బీరువాలో పడున్న ప్లాను ఎవరికి తెలుస్తుంది చెప్పండి? అయితే పటంలో కనబడినంత మాత్రాన హక్కు రుజువు కాదు, దానికి దస్తావేజులే ఆధారం. అందుకని ముందు మీ లేఅవుట్ ప్లాను నకలు అడిగి తెచ్చుకోండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.