పాత యంత్రానికి కొత్త కెర్నల్

ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వంటి వనరులను అదుపులో ఉంచి, వాటిని ఇతర ప్రోగ్రాములకు పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని కెర్నల్ అంటారు. సోర్స్ కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే కంపైలర్ ఒక రకం ప్రాసెసర్‌పై నడుస్తూ మరొక రకం ప్రాసెసర్‌కు ఆదేశాలు తయారుచేస్తే, ఆ పద్ధతికి క్రాస్ కంపైలింగ్ అని పేరు.

1989లో వెలువడిన ఆపిల్ మాకింటోష్ ఎస్ఈ/30 కంప్యూటర్‌లో సుమారు 16 మెగాహెర్ట్జ్ వేగం గల మోటరోలా 68030 ప్రాసెసర్ ఉంది. నేటి కంపైలర్ కోరే మెమరీ అటువంటి యంత్రాల్లో సాధారణంగా ఉండదు కనుక, కెర్నల్‌ను అక్కడే కంపైల్ చేయడం ఓపికకు పరీక్షే తప్ప ఆచరణయోగ్యం కాదు.

ఇటువంటి యంత్రాలను నేటికీ ఆదరిస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌బీఎస్‌డీ, 2002 నాటి 1.6 విడుదలతో బిల్డ్.ఎస్‌హెచ్ అనే స్క్రిప్టును అందించింది. అది ముందుగా ఆధునిక కంప్యూటర్‌లో ఉన్న కంపైలర్‌తో కెర్నల్ నడవాల్సిన లక్ష్య యంత్రానికి తగిన క్రాస్ కంపైలర్‌ను నిర్మించి, ఆపైన దానితోనే కెర్నల్‌ను తయారుచేస్తుంది. ఈ వరుసకు కారణం ఉంది: సంఖ్యలోని బైట్లను 68030 పెద్ద స్థానం నుంచి, నేటి ఇంటెల్ ప్రాసెసర్లు చిన్న స్థానం నుంచి అమరుస్తాయి గనుక, నిర్మాణ సమయంలో కంపైలింగ్ జరిగే ఆతిథ్య యంత్రాన్ని అడిగి తెలుసుకున్న వివరం లక్ష్య యంత్రానికి తప్పు కావచ్చు.

సౌకర్యంతోపాటు ఒక నష్టమూ లేకపోలేదు. పాత యంత్రం తన కెర్నల్‌ను తానే గంటల తరబడి కంపైల్ చేసుకున్నప్పుడు మెమరీ, డిస్క్, డ్రైవర్ల లోపాలు బయటపడేవి. క్రాస్ కంపైలింగ్‌లో ఆ పరీక్ష జరగదు. కాబట్టి పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌లో నడిచినప్పటికీ, అసలు యంత్రంపై నిలకడగా పనిచేసేవరకు అటువంటి కెర్నల్‌ను పరీక్షించినదిగా పరిగణించరాదు.