సోమవారం కడుపునొప్పి

స్కూలు బస్సు హారన్ వినపడే వేళకు సరిగ్గా పిల్లాడికి కడుపునొప్పి మొదలవుతుంది. బస్సు సందు మలుపు తిరిగిన అరగంటకు తగ్గిపోతుంది. పదింటికల్లా అడిగి మరీ ఇడ్లీ తింటాడు. ఆదివారాలు నొప్పే రాదు. డాక్టరు చూశాడు, స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు. ఇక ఇంట్లో తేల్చేస్తారు: ‘అన్నీ వేషాలు’.

నొప్పి మాత్రం నిజమే. భయపడ్డప్పుడు మెదడు ఒంటిని పరుగుకు సిద్ధం చేస్తుంది. ఎడ్రినలిన్ ఎక్కువవుతుంది, రక్తం కండరాలకు మళ్లుతుంది, జీర్ణాశయం పని మందగిస్తుంది. కడుపులో మెలిపెట్టేది అందుకే. ఇంటర్వ్యూ గది బయట మనకూ అయ్యేదే. కాకపోతే మనం ‘టెన్షన్‌గా ఉంది’ అంటాం. ఎనిమిదేళ్లవాడికి అలా చెప్పడం రాదు, ‘కడుపు నొప్పి’ అనడం వచ్చు.

‘పోనీలే, ఇవాళ్టికి మానెయ్’ అంటే భయం ఇట్టే దిగిపోతుంది. చిక్కంతా అక్కడే. ఆ హాయి రుచి మరిగిన మనసు మర్నాడు ఇంకాస్త మొరాయిస్తుంది. నాలుగు రోజులు మానితే అయిదో రోజు గుమ్మం దాటడమే గండం. అలాగని ఈడ్చుకెళ్లి బస్సులో పడేసినా లాభం లేదు. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, చదవడమే కష్టమై నలిగిపోతున్నాడా అన్నది ముందు కనుక్కోవాలి. ఆ తర్వాత సైకాలజిస్టులు మెల్లగా అలవాటు చేయిస్తారు: ఒకరోజు గేటు దాకా, మరోరోజు ఒక్క పీరియడు, ఇంకోరోజు లంచ్ బెల్లు దాకా.

మీసం మొలిచే వయసుకు జబ్బు గొంతు కూడా మారుతుంది. డిప్రెషన్ అంటే మూల కూర్చుని ఏడవడమే అనుకుంటాం గానీ, ఈ వయసులో అది చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది. ఇంట్లో దాన్ని ‘పొగరు’ అంటారు. ఆ వయసులో కాస్త పొగరు ఉండనే ఉంటుంది, మరి తేడా ఎలా తెలియాలి? నేనైతే క్రికెట్ బ్యాటు వంక చూడమంటాను. అమ్మతో పోట్లాడి బ్యాటు పుచ్చుకుని గ్రౌండుకు పోయేవాడి సంగతి వేరు. అదే బ్యాటు రెండు వారాలుగా తలుపు వెనక దుమ్ము కొట్టుకుంటూ, నిద్రా తిండీ కూడా గతి తప్పితే డాక్టరును కలవాల్సిందే. నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత కనిపించింది. యాభైమంది తరగతిలో ముగ్గురో నలుగురో అన్నమాట.

ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే ఈ వయసువాళ్లు పెదవి విప్పరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, ఇద్దరి చూపూ రోడ్డు మీదున్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. అనుమానం బలంగా ఉంటే మాత్రం బండి ఆపి, ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని జంకుతాం, అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏం చేయాలో పాలుపోకపోతే అర్ధరాత్రయినా టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.