మారే లెక్కల నడుమ మన చిన్న ఛానల్

ఒకప్పుడు మన టౌన్‌షిప్పులలో కళాభిరుచి గలవారికి వేదికలు పరిమితంగా ఉండేవి. సంస్థ వార్షికోత్సవం, రిక్రియేషన్ క్లబ్ నాటక పోటీలు, మహిళా మండలి వంటల ప్రదర్శన, గృహపత్రికలో ఒక పుట, అంతే. నేడు చేతిలోని ఫోనే కెమెరా, అదే ఎడిటింగ్ గది, అదే ప్రసార కేంద్రం. వంట, సంగీతం, పెరటితోట, పోటీ పరీక్షల పాఠాలు, ఇంటి పరికరాల మరమ్మతు వంటి విషయాలపై సొంత యూట్యూబ్ ఛానల్ నడుపుతున్న కుటుంబాలు నేడు అరుదు కాదు. అయితే ఉత్సాహంగా ప్రారంభించినవారిలో చాలామంది కొద్ది నెలలకే విరమించుకోవడం కూడా మనం చూస్తున్నాం. "పోయిన నెల వేలమంది చూశారు, ఈ నెల వందమంది కూడా చూడలేదు, అల్గోరిథం మారిందట" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఏమిటీ అల్గోరిథం? అది మారినప్పుడల్లా చిన్న ఛానల్ కుంగిపోవలసిందేనా?

కొలబద్ద మారిన తీరు

యూట్యూబ్‌లో తొలి వీడియో 2005 ఏప్రిల్ 23న వెలువడింది. మరుసటి సంవత్సరమే గూగుల్ సంస్థ ఆ వేదికను 165 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. తొలినాళ్లలో ఒక వీడియోను ఎన్నిసార్లు తెరిచారన్నదే దాని విలువకు ప్రధానమైన కొలత. అందువల్ల శీర్షికలో ఒకటి, లోపల మరొకటి చూపే వీడియోలు పెరిగిపోయాయి. తెరిచిన వీక్షకుడు పది సెకన్లలో విసిగి వెళ్లిపోయినా లెక్కలో అంకె మాత్రం పెరిగేది.

2012లో ఈ పద్ధతి మారింది. ఎందరు తెరిచారన్నదానికంటే ఎంతసేపు చూశారన్నదానికి, అంటే వీక్షణ సమయానికి, ప్రాధాన్యం లభించింది. దానితో రెండు నిమిషాల విషయాన్ని పదిహేను నిమిషాలకు సాగదీసే వారు బయలుదేరారు. ఎంతసేపు చూశాడన్నది తెలిసినా, చూసి తృప్తి చెందాడా అన్నది గడియారం చెప్పలేదు కదా! అందుకే ఆ తర్వాత యూట్యూబ్ వీక్షకులనే నేరుగా అడిగే చిన్న సర్వేలను, ఇష్టాయిష్టాల గుర్తులను, ఇతరులతో పంచుకోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోసాగింది. తప్పుదారి పట్టించే అవకాశం ఉన్న కొన్ని రకాల వీడియోల సిఫారసును తగ్గిస్తామని 2019 జనవరిలో ప్రకటించింది.

మరో మలుపు మన దేశంతో ముడిపడినది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రయోగాత్మకంగా మొదట భారతదేశంలోనే ప్రవేశపెట్టింది. నిలువు తెరపై వేలితో తోసుకుంటూ పోయే ఈ చిన్న వీడియోలకు లెక్క వేరు, వీక్షకుని ధోరణి వేరు. 2025 మార్చి 31 నుండి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, ఒక వీక్షణగా లెక్కిస్తున్నారు. ఆ రోజు తర్వాత షార్ట్స్ అంకెలు ఒక్కసారిగా పెరిగినట్లు కనిపిస్తే, ఆదరణ పెరిగిందా, కొలత మారిందా అని ఆలోచించవలసి ఉంటుంది.

ఈ చరిత్రలో ఒక క్రమం ఉంది. ప్రతి మార్పూ వెనుకటి కొలతను ఆసరా చేసుకొని పుట్టిన ఒక కిటుకును నిరుపయోగం చేసింది. వీక్షకుడు తనంత తానుగా మళ్లీ వెతుక్కుంటూ వచ్చే ఛానల్‌ విలువను మాత్రం ఏ మార్పూ తగ్గించలేదు.

యంత్రం వెతికేది ఎవరిని?

2016లో గూగుల్ ఇంజనీర్లు ప్రచురించిన ఒక పరిశోధన పత్రం ఈ సిఫారసు యంత్రాంగాన్ని రెండు అంచెలుగా వివరించింది. లక్షలాది వీడియోల నుండి ఒక వీక్షకునికి నచ్చగల కొన్ని వందలను ఏరడం మొదటి అంచె. వాటిని వరుస క్రమంలో పేర్చడం రెండవది. గమనించవలసినదేమిటంటే, ఈ ప్రక్రియ వీడియోతో మొదలు కాదు, వీక్షకునితో మొదలవుతుంది. "ఈ వీడియోను ఎవరికి చూపాలి?" అన్నది దాని ప్రశ్న కాదు. "ఈ మనిషి ఇప్పుడు ఏమి చూడవచ్చు?" అన్నదే దాని ప్రశ్న.

చిన్న ఛానల్‌కు ఇక్కడే చిక్కు, ఇక్కడే ఉపాయం కూడా ఉన్నాయి. సోమవారం గోంగూర పచ్చడి, బుధవారం క్రికెట్ విశ్లేషణ, శనివారం తిరుపతి యాత్ర పెడితే, దానిని ఏ తరహా వీక్షకునికి చూపాలో యంత్రానికి బోధపడదు. చూసినవాడికి కూడా మళ్లీ రావడానికి కారణం దొరకదు. ఒకే విషయంపై నిలిచిన ఛానల్‌కు ఆ ఇబ్బంది తక్కువ.

మన తెలుగువారి అనుభవం కూడా ఇదే చెబుతున్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' తెలంగాణ పల్లె జీవితాన్ని, ఆ ఊరి యాసను ఆధారం చేసుకుని నిలిచింది. పొలం పనులు చేసుకునే గంగవ్వగారు దాని ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యారు. నూరేళ్లు దాటిన వయసులో ఆరుబయట కట్టెల పొయ్యిపై వండి, 2018లో కన్నుమూసేనాటికి దేశదేశాలలో అభిమానులను సంపాదించుకున్న కర్రె మస్తానమ్మగారి కథ మనకు తెలిసినదే. ఇద్దరి వీడియోలలోనూ ఏమి చూడబోతున్నాడో వీక్షకునికి ముందే తెలుసు.

ఒక చిన్న లెక్క

ప్రకటనల ఆదాయంలో వాటా పొందాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలన్న నియమం 2018లో వచ్చింది. షార్ట్స్ మార్గంలోనైతే 90 రోజుల్లో కోటి వీక్షణలు కావాలి. షార్ట్స్ వరుసలో చూసిన సమయం ఆ 4,000 గంటలలో కలవదు.

4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూస్తే ఏడాదికి 60,000 వీక్షణలు అవసరం. వారానికొకటి చొప్పున 52 వీడియోలు పెడితే, ఒక్కొక్కదానికి సుమారు 1,150. అదే సగటు 6 నిమిషాలైతే 40,000 వీక్షణలు, అంటే వీడియోకు 770 చాలు. కొత్తవారి కోసం పరుగులు పెట్టడంకంటే వచ్చినవారిని మరి రెండు నిమిషాలు కూర్చోబెట్టడం తేలికైన మార్గమని ఈ లెక్క సూచిస్తున్నది. కూర్చోబెట్టడమంటే సాగదీయడం కాదు, చెప్పదగినది ఉండటం.

ఆచరణలో

షిఫ్టు ముగిశాక లాగ్‌బుక్ రాయడం మనకు అలవాటే. ప్రతి వీడియోకూ అటువంటి పుస్తకం ఒకటి ఉండాలి. యూట్యూబ్ స్టూడియోలోని రేఖాచిత్రం వీక్షకులు ఏ నిమిషంలో వెళ్లిపోయారో చూపుతుంది. ఆ నిమిషంలో మనం ఏమి చెబుతున్నామో రాసుకుంటే, పది వీడియోల తర్వాత లోపం ఎక్కడుందో దానంతటదే తెలుస్తుంది. నమస్కారాలు, పరిచయాలు కుదించి మొదటి అర నిమిషంలోనే విషయంలోకి రావాలి. థంబ్‌నెయిల్‌పై ఇచ్చిన మాటను లోపల నిలబెట్టుకోవాలి. చిత్రం కొంత మసకబారినా చూస్తారు గాని, మాట వినబడకపోతే చూడరు. కాబట్టి మొదటి ఖర్చు మైక్‌పై పెట్టడం మేలు.

జనం వెతికే ప్రశ్నలకు సమాధానం చెప్పే వీడియోలు, ఉదాహరణకు మిక్సీ బిగుసుకుంటే ఏమి చేయాలి, మల్లెమొక్కను ఎప్పుడు కత్తిరించాలి వంటివి, సిఫారసు తగ్గినా వెతుకులాట ద్వారా ఏళ్ల తరబడి వీక్షకులను తెస్తాయి. షార్ట్స్‌ను వాకిలిగా వాడుకోవచ్చు. ఇల్లు మాత్రం పెద్ద వీడియోలతోనే కట్టుకోవాలి. వ్యాఖ్య రాసిన ప్రతివారికీ జవాబివ్వడం వేలమంది వీక్షకులున్నవారికి సాధ్యం కాదు. యాభైమంది ఉన్నవారికి సాధ్యం. చిన్న ఛానల్‌కు ఉన్న ఈ బలాన్ని చేజార్చుకోకూడదు.

మరచిపోరాని హద్దులు

ఉద్యోగి ఇతర వ్యాపకం ద్వారా ఆదాయం పొందాలంటే ముందస్తు అనుమతి కావాలని ప్రభుత్వరంగ సంస్థల ప్రవర్తనా నియమావళి సాధారణంగా నిర్దేశిస్తుంది. కుటుంబ సభ్యుల వ్యాపారాన్ని కూడా తెలియజేయవలసి ఉంటుంది. కనుక రాబడి మొదలు కాకముందే మానవ వనరుల విభాగాన్ని సంప్రదించడం శ్రేయస్కరం. యంత్రశాలలు, నియంత్రణ గదులు, కార్యాలయ పత్రాలు వీడియోలలోకి రాకూడదు. వచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కలో చూపాలి.

ఇంటి హద్దులు అంతకంటే ముఖ్యమైనవి. రాత్రి డ్యూటీ దిగి నిద్ర మాని ఎడిటింగ్ చేయడం ఆరోగ్యానికే కాదు, మర్నాటి పనిలో భద్రతకూ చేటు. అంకెలు తగ్గిన రోజున ఇంట్లో మాటలు తగ్గితే ఆ అభిరుచి ఇంటికి బరువే. పిల్లలు తెరపై కనిపించాలా వద్దా అన్నది వీక్షణల సంఖ్యను బట్టి తీసుకోవలసిన నిర్ణయం కాదు.

ఛానల్ పైనే జీవనం సాగించేవారికి ఒక్క నెల పడిపోయినా పొయ్యి వెలగని భయం ఉంటుంది. అందుకే వారు ప్రతి కొత్త కొలత వెంటా పరుగెత్తవలసి వస్తున్నది. నెలనెలా జీతం అందుకునే మన కుటుంబాలకు ఆ అగత్యం లేదు. తెలిసిన విషయాన్ని తీరికగా, నిజాయితీగా చెప్పగల వెసులుబాటు మనకుంది. మూడువందల మందికి ఒక పనిముట్టును సరిగా వాడటం నేర్పినా, మరుగున పడుతున్న ఒక పెళ్లిపాటను రికార్డు చేసి ఉంచినా అది చిన్న పని కాదు. రేపు కొలబద్ద మళ్లీ మారుతుంది. ఆ మూడువందల మంది నేర్చుకున్నది మాత్రం వారి దగ్గరే ఉంటుంది.