గర్భధారణలో స్తనాల అతివృద్ధి

గర్భధారణలో స్తనాల అతివృద్ధి లేదా జెస్టేషనల్ జైగాంటోమాస్టియా అనేది గర్భిణీ స్త్రీలలో చాలా అరుదుగా వచ్చే వ్యాధి. గర్భం ధరించినప్పుడు స్తనాలు కొంత పెరగటం సహజం. ఈ వ్యాధిలో మాత్రం ఆ పెరుగుదల కొద్ది వారాలలోనే హద్దు దాటి, ఒక్కొక్క స్తనం అనేక కిలోగ్రాముల బరువుకు చేరవచ్చును. దీనిని 1648లో పాల్ముత్ మొదటిసారిగా వర్ణించినట్లు వైద్య గ్రంథాలు పేర్కొంటాయి. సుమారు 28,000 నుండి 1,00,000 గర్భాలలో ఒకదానిలో ఇది కనిపిస్తుందని అంచనా.

ఇది క్యాన్సరు కాదు. అయినా ప్రాణాపాయం లేదని చెప్పలేము. బిగుతుగా సాగిన చర్మానికి రక్తప్రసరణ చాలక పుండ్లు పడతాయి, కొంత భాగం కుళ్ళిపోతుంది. పుండ్ల నుండి తీవ్ర రక్తస్రావం కావచ్చును, సూక్ష్మజీవులు చేరి సెప్సిస్‌కు దారితీయవచ్చును. మెడ, వెన్ను నొప్పుల వలన రోగి నడవలేని స్థితి కూడా రావచ్చును. కొందరిలో రక్తంలో కాల్షియం పెరుగుతుంది.

కారణాలు

కచ్చితమైన కారణం తెలియదు. చాలామంది రోగులలో హార్మోనుల స్థాయి గర్భిణులకు ఉండవలసినంతే ఉంటుంది. కనుక స్తన కణజాలమే ఆ హార్మోనులకు అతిగా స్పందిస్తున్నదని భావిస్తారు. లూపస్ వంటి ఆటోఇమ్యూన్ వ్యాధులు ఉన్నవారిలోనూ ఇది కనిపించింది. లింఫోమా, ఫిల్లాయిడ్స్ కణితి కూడా ఇలాగే వేగంగా పెరుగుతాయి కాబట్టి, అల్ట్రాసౌండుతో పాటు అవసరమైతే బయాప్సీ చేసి వాటిని తోసిపుచ్చాలి.

చికిత్స

మొదట ఊతమిచ్చే లోదుస్తులు, పుండ్ల సంరక్షణ, నొప్పి నివారణతో ప్రసవం వరకు నెట్టుకురావటానికి ప్రయత్నిస్తారు. ప్రోలాక్టిన్‌ను తగ్గించే బ్రోమోక్రిప్టిన్ వాడితే కొందరిలో పెరుగుదల ఆగుతుంది, మరి కొందరిలో ఏ ఫలితమూ ఉండదు. ఈ మందు వాడేటప్పుడు గర్భస్థ శిశువు ఎదుగుదలను గమనిస్తూ ఉండాలి.

రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ అదుపు తప్పితే గర్భంతో ఉండగానే శస్త్రచికిత్స తప్పదు. ఏ శస్త్రచికిత్స అన్నదే కష్టమైన నిర్ణయం. స్తనాలను తగ్గించి ఆకృతిని నిలిపితే మిగిలిన కణజాలం తరువాతి గర్భంలో తిరిగి పెరిగే అవకాశం చాలా ఎక్కువ. పూర్తిగా తొలగిస్తే ఆ భయం బాగా తగ్గుతుంది, రక్తనష్టం కూడా తక్కువ. కానీ పాలివ్వటం సాధ్యపడదు, స్తన పునర్నిర్మాణానికి మరొక ఆపరేషను కావలసి వస్తుంది. అందుచేత ఆమె ఇంకా పిల్లలను కోరుకుంటున్నదా అని ముందే అడిగి తెలుసుకోవాలి. ఇక పిల్లలు వద్దనుకునేవారిలో, పరిస్థితి అనుమతిస్తే, ప్రసవమయ్యాక స్తనాలు కొంత కుదించుకునే వరకు కొన్ని నెలలు ఆగి, అప్పుడు తగ్గింపు శస్త్రచికిత్స చేస్తారు.